పదో తరగతి అని రాసిన ఎమ్మెస్సీ

నేను రిటైరై మూడేళ్ళు కావస్తోంది. అయినా వికారాబాద్‌లో మా కాలనీలో డిగ్రీలు పూర్తిచేసిన పిల్లలు బయోడేటాలు పట్టుకుని మా ఇంటికి వస్తూనే ఉంటారు. ముప్పై రెండేళ్ళు ఒక సిమెంటు ఫ్యాక్టరీ పర్సనెల్ డిపార్టుమెంటులో పనిచేశాను గనక, ఉద్యోగాలిచ్చేవాళ్ళ మనసులో ఏముంటుందో నాకు తెలుసని వాళ్ళ నమ్మకం. మొన్న ఎంకామ్ చదివిన ఒకమ్మాయి వచ్చింది. కాగితం నా ముందు పెట్టి, "సార్, గిందులకెల్లి ఎంకామ్ తీసేస్తె కాల్ వస్తదా?" అని అడిగింది.

తీసేయమని చెప్పలేకపోయాను. ఉంచమనీ చెప్పలేకపోయాను. రెండ్రోజులాగి రమ్మన్నాను. నా నోరు ఎందుకు పెగల్లేదో మీలాంటి చదువుకున్న పిల్లలకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. ఇందులో నేను గొప్పగా చేసింది చాలా తక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

మా ఫ్యాక్టరీ తాండూరు దగ్గర. పొద్దున వికారాబాద్‌లో రైలెక్కడం, సాయంత్రం తాండూరులో రైలెక్కి తిరిగి రావడం. ఆ పెట్టెలో రోజూ కలిసేవాళ్ళలో చదివిన చదువుకు తగిన పని చేస్తున్నవాళ్ళు అరుదు. జంతుశాస్త్రం చదివినాయన బ్యాంకులో అప్పుల సెక్షను చూసేవాడు. లెక్కల్లో పీజీ చేసినావిడ ఆస్పత్రిలో చీటీలు రాసేది. నేను చదివింది వృక్షశాస్త్రం, చూసింది సెలవు చీటీలు. మేమెవరం దాని గురించి బాధపడినట్టు గుర్తులేదు. సీటు దొరికిందా లేదా అన్నదే మా చర్చ.

నా పనిలో ముఖ్యమైన భాగం దరఖాస్తులు వడపోయడం. హెల్పర్ పోస్టుకు పదో తరగతి చాలు. కానీ దానికి డిగ్రీలవాళ్ళు, పీజీలవాళ్ళు, బీఈడీ చేసినవాళ్ళు కూడా పెట్టేవారు. నేను చేరిన కొత్తలో ఒక పెద్ద ఆఫీసరు నాకు నేర్పాడు: ఎక్కువ చదివినవాణ్ణి చిన్న పనిలోకి తీసుకుంటే ఆర్నెల్లలో వెళ్ళిపోతాడు, ఉన్నన్నాళ్ళూ ముఖం మాడ్చుకుని ఉంటాడు, పక్కవాణ్ణి కూడా చెడగొడతాడు అని. అందుకని అలాంటి దరఖాస్తుల పైన ఎర్ర సిరాతో 'అధిక అర్హత' అని రాసి పక్కన పెట్టేవాణ్ణి. మనిషే వస్తే కూర్చోబెట్టి, టీ ఇప్పించి, మర్యాదగా చెప్పి పంపేవాణ్ణి. అది నా మంచితనం అనుకునేవాణ్ణి.

ఇక కథ. అప్పటికి నా సర్వీసు ఇంకా రెండేళ్ళుంది. ఎండాకాలం. మా ల్యాబులో ఒక ఎక్స్‌రే యంత్రం ఉండేది. కిల్న్‌లోకి, అంటే సిమెంటు కాల్చే పెద్ద కొలిమిలోకి, పోయే రాతిపొడిలో సున్నం ఎంతుందో గంటగంటకూ అది చెప్పేది. ఆ అంకెను బట్టి రాయి ఎక్కువ వెయ్యాలా, మట్టి ఎక్కువ వెయ్యాలా అని చూసుకునేవారు. ఒకరోజు ఆ యంత్రం ఆగిపోయింది. బాగుచేసే మనిషి పుణె నుంచి రావాలి, నాలుగు రోజులు పడుతుందన్నారు. అప్పటిదాకా పాత పద్ధతే గతి: పొడిని ఆసిడ్‌లో మరిగించి, కాస్టిక్ సోడా ద్రావణం చుక్క చుక్కగా వేస్తూ, గులాబీ రంగు తిరగ్గానే ఆపి లెక్క కట్టాలి. డిగ్రీలో రసాయనశాస్త్రం చదివిన ఎవరైనా చేసి ఉంటారు. చిక్కేమిటంటే, అది చదివినవాళ్ళు మా ల్యాబులో అన్ని షిఫ్టుల్లోనూ లేరు.

పొద్దుటి షిఫ్టులో కెమిస్టుగా ఉన్నతను కొడంగల్ వైపు కుర్రవాడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. చదివింది సివిల్ ఇంజనీరింగ్. ట్రైనీ ఇంజనీర్లను కాలేజీల నుంచి గంపగుత్తగా తీసుకున్న ఏడాది వచ్చాడు. ల్యాబులో మనిషి తక్కువైతే అక్కడ వేశారు. వేసిన కాగితం మీద సంతకం నాదే.

రెండో రోజు కల్లా గొడవ మొదలైంది. మిగతా రెండు షిఫ్టుల అంకెలు ఒకలా ఉంటే, పొద్దుటి షిఫ్టు అంకెలు వేరుగా ఉన్నాయి. అందరూ అనుకున్నదొకటే: సివిల్ అబ్బాయి తప్పు చేస్తున్నాడని. ల్యాబ్ ఇన్‌చార్జి కర్ణాటకలోని సేడం వైపు మనిషి, ఇంట్లో కన్నడం, పనిలో కన్నడం కలిసిన తెలుగు. కోపిష్టి, కానీ పని వచ్చినవాడు. అతను తనే కూర్చుని కొత్త ద్రావణం కలిపి చేసి చూశాడు. పొద్దుటి షిఫ్టే సరి, మిగతా రెండూ తప్పు. కాస్టిక్ సీసా పాతది. మూత సరిగా పెట్టక అందులోని ద్రావణం బలం, అంటే గాఢత, తగ్గింది. సీసా మీది అంకెనే నమ్మి లెక్క కట్టినవాళ్ళు, పొడిలో సున్నం తక్కువుందనుకుని రాయి ఎక్కువ వేయించారు. కిల్న్ మొండికేయడం మొదలుపెట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం ఇన్‌చార్జి నా గదికి వచ్చి పొద్దుటి షిఫ్టు అంకెలు రాసే లాగ్‌షీటు ఒకటి తిరగేసి బల్ల మీద పరిచాడు. వెనక పెన్సిల్‌తో సన్నటి అక్షరాల్లో లెక్కలు. సీసా బలం మళ్ళీ కట్టుకుని, ఆ కొత్త అంకెతో ప్రతి గంటా లెక్క వేశారు.

"ఇది ఆ హుడుగుడి, అదే మన సివిల్ అబ్బాయి రాత కాదు సార్. వాడి ఏడు అంకె ఒంటెలాగ ఉంటది. ఇది ఎవరో చదువుకున్నోళ్ళ చెయ్యి. ఎవరిది?"

పొద్దుటి షిఫ్టులో ల్యాబుకు వచ్చేది కెమిస్టు కాక మరొక్కరే. శాంపిళ్ళు మోసుకొచ్చే కాంట్రాక్టు హెల్పరు. ఇరవై ఏడెనిమిదేళ్ళ మనిషి, దోమ అనే ఊరి దగ్గర పల్లె, తాండూరులో కాపురం. ఏడాదిన్నరగా పనిచేస్తోంది. డబ్బాలు తెచ్చి పెట్టడం, గాజు సామాను కడగడం ఆమె పని. ఫారంలో చదువు దగ్గర పదో తరగతి అని ఉంది. ఆ ఫారం ఆమె స్వయంగా నింపినదే. ఏడు అంకెకు నడుమ చిన్న అడ్డగీత. లాగ్‌షీటు వెనకా అదే గీత.

పిలిపించాను. చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏం చదివినవమ్మా?" అన్నాను. నేను వాళ్ళతో వాళ్ళ మాటలోనే మాట్లాడేవాణ్ణి.

కాగితం వైపు చూసింది. "ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సార్."

"మరి చెప్పలేదేంది?"

"చెప్పిన సార్. మీకే చెప్పిన."

నాకు అర్థం కాలేదు. ఆమే నెమ్మదిగా చెప్పింది. "రెండేండ్ల కింద హెల్పర్ పోస్టులు పడితె వచ్చిన. గీ కుర్చీలనే కూసోబెట్టిన్రు. టీ గిట్ల తెప్పిచ్చిన్రు. నువ్వు మస్తు చదివినవు బిడ్డా, గీ పని నీకు తగదు, నిలబడవు అన్నరు. నేను నిలబడత సార్ అన్న. నవ్విన్రు. తర్వాత కాంట్రాక్టర్ దగ్గరికి పోయి పదో తరగతి మెమో ఒక్కటే ఇచ్చిన. తెల్లారే రమ్మన్నడు."

"కెమిస్టు పోస్టుకు పెట్టొచ్చు కద?"

"రెండేండ్ల అనుభవం కావాలన్నరు. పని ఇస్తె గద సార్ అనుభవం వచ్చేది. హైద్రాబాద్ పోదామంటె మా ఆయన చెయ్యి పాలిష్ మిషిన్ల పడ్డది. యాడాది ఇంట్లనే ఉన్నడు. పాపకు రెండేండ్లు. యాడికి పోత?"

తాండూరు రాళ్ళను నున్నగా చేసే ఆ యంత్రాల గురించి నాకు తెలుసు. ఆమె వెళ్ళాక పాత ఫైలు తీశాను. ఉంది. ఎమ్మెస్సీ, మొదటి తరగతి. పైన ఎర్ర సిరాతో నా రాత, కింద నా పొట్టి సంతకం. ఆమె ముఖం మాత్రం నాకు గుర్తులేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. ఇన్నేళ్ళ తరవాత కూడా నన్ను ఇబ్బంది పెట్టేది అదే.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఆ దరఖాస్తు తీసి సొరుగులో పెట్టి తాళం వేశాను. ఎవరికీ చూపించలేదు.

ఆమె ఎమ్మెస్సీ అన్న సంగతి మాత్రం దాగలేదు. జనరల్ మేనేజర్‌కు చేరింది. ఆయన కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాడు, కాగితం మనిషి. అర్హత దాచిపెట్టి చేరితే తీసెయ్యాలని ఫారం కింద సన్నటి అక్షరాల్లో ఒక షరతు ఉంది. ఆ షరతు రాసిందీ నేనే, చాలా ఏళ్ళ కింద. పైగా హెల్పరు కెమిస్టు పని చేసిందంటే నాణ్యత తనిఖీకి వచ్చేవాళ్ళకు ఏం చెప్పాలని ఆయన భయం. విచారణ పెట్టమన్నాడు. నేను నోటీసు టైపు చేయించి ఆమె చేతికి నేనే ఇచ్చాను. చదువుకుంది. "గిందుల తారీకు తప్పు పడ్డది సార్" అని చూపించింది. దిద్ది ఇచ్చాను.

ఆ వారం రైల్లో నాకు ఎవరి మాటా వినబడలేదు. నా వాదన ఒకటే, నాతో నేనే వాదించుకున్నది: ఇంకో రెండేళ్ళుంది, గౌరవంగా బయటపడాలి.

విచారణ రోజు మీటింగ్ గదిలో ఆరుగురం. జనరల్ మేనేజర్, ల్యాబ్ ఇన్‌చార్జి, కాంట్రాక్టరు, సివిల్ అబ్బాయి, ఆమె, నేను. కాంట్రాక్టరు తాండూరు బజారులో వ్యాపారం ఉన్న కుటుంబం మనిషి, మాట మెత్తన. ముందే అందుకున్నాడు. "గింతదానికి మీటింగ్ ఎందుకు సార్. నా మనిషే కద, రేపటికెల్లి రావద్దని నేనే చెప్త. ఫికర్ చెయ్యకున్రి."

జనరల్ మేనేజర్ చేత్తో ఆపి ఆమెను అడిగాడు. "అబద్ధం ఎందుకు రాశారమ్మా?"

"నేను పది పాసైన సార్. అది అబద్ధం కాదు. తర్వాత చదివింది రాయలేదు."

"రెండూ ఒకటే."

"కావొచ్చు సార్. కానీ అన్నీ రాస్తె పని ఇయ్యలేదు. కొన్ని రాస్తె ఇచ్చిన్రు."

గొంతు పెంచలేదు. దబాయింపు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. జనరల్ మేనేజర్ కాగితాలు సర్దుకుని సివిల్ అబ్బాయి వైపు తిరిగాడు. ఆ మూడు రోజుల లెక్కలు ఎవరివని అడిగాడు. అబ్బాయి తనవే అంటే సరిపోయేది. ఆమె మీద కెమిస్టు పని చేసిందన్న మాట ఉండేది కాదు, తన ఉద్యోగమూ భద్రం. నాకు తెలిసి కాంట్రాక్టరు అతనికి ముందురోజు ఆ మాటే చెప్పి ఉన్నాడు.

అబ్బాయి లేచి నిలబడ్డాడు. "సంతకాలు నావి సార్. లెక్కలు అక్కవి."

"మరి నువ్వేం చేస్తున్నావ్?"

"నేర్చుకుంటున్న సార్. నేను చదివింది సివిల్. సీసా బలం తగ్గుతదని నాకు తెల్వది. అక్క చూసి, గిట్ల కాదు తమ్మీ, మళ్ళ కట్టుకోవాలె అన్నది. నేనే చెయ్యమన్న. తప్పైతె నాది."

ఇరవై నాలుగేళ్ళ పిల్లవాడు ఆ మాట అన్నాక, యాభై ఆరేళ్ళవాణ్ణి నేను సొరుగు తాళంచెవి జేబులో పెట్టుకుని కూర్చుని ఉన్నాను. ఒక్క నిమిషం అడిగి లేచి నా గదికి వెళ్ళి దరఖాస్తు తెచ్చాను. జనరల్ మేనేజర్ ముందు పెట్టాను.

"ఈమె మొదట నిజమే రాసింది సార్. ఆ నిజం మీద ఎర్ర సిరాతో రాసింది నేను. ఆమెకు దాచడం నేర్పింది మన ఆఫీసే. ఇది నా దగ్గర వారం రోజులుగా ఉంది. ఇవాళ దాకా చూపించలేదు."

ఆయన చదివాడు. తిప్పి వెనక కూడా చూశాడు. ఆమె తల దించుకుని ఉంది. ఇన్‌చార్జి గొంతు సవరించుకుని, "సార్, ఆ మూడు రోజులు ఈమె లెక్క లేకపోతె నాకు తప్పు తెలుస్తానే ఉండలేదు. కిల్న్ ఆపేవాళ్ళం. ఆమె దాచింది అని రాయండి. లెక్క కరెక్ట్ అని కూడా రాయండి" అన్నాడు.

మీరు ఇప్పుడు దేనికోసం ఎదురుచూస్తున్నారో నాకు తెలుసు. ఆ గదిలో నేనూ దానికోసమే ఎదురుచూశాను. కానీ ఫ్యాక్టరీలు అలా నడవవు. జనరల్ మేనేజర్ చెడ్డవాడు కాదు. తీసెయ్యనన్నాడు. హెచ్చరిక కాగితంతో సరిపెట్టాడు. అయితే కెమిస్టు పోస్టుకు రెండేళ్ళ ల్యాబ్ అనుభవం కావాలి, హెల్పరుగా చేసింది అనుభవం కింద రాదు, రూలు తన చేతిలో లేదన్నాడు. అదే హెల్పరుగా, అదే కూలికి ఉండొచ్చు. ఒకటే షరతు: ఇకమీద పరీక్షలు ముట్టుకోకూడదు.

"సరే సార్" అంది.

బయట వరండాలో ఆగి నాకు నమస్కారం పెట్టింది. "ఏం అనుకోకమ్మా" అన్నాను. "పని ఉన్నది గద సార్" అని శాంపిల్ డబ్బాలు తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఆమె గాజు సామాను కడిగి బోర్లించి, ల్యాబు గుమ్మం దగ్గర నిలబడేదని ఇన్‌చార్జి చెప్పాడు. అబ్బాయి తప్పు చేస్తుంటే చూసి కూడా నోరు విప్పేది కాదట.

అది నేను తట్టుకోలేకపోయాను. ఆ శనివారం ఆఫీసులో ఒక్కణ్ణే కూర్చుని పాత ఫైళ్ళు తీశాను. ఎర్ర సిరా కాగితాలు బల్ల నిండాయి. ధారూర్, పరిగి, కొడంగల్, దోమ, ఏ ఊరివాళ్ళు లేరు అందులో? వాళ్ళలో ఎంతమంది ఆ తర్వాత ఎక్కడో పదో తరగతి అని రాసుకున్నారో. వాళ్ళకు నేనిప్పుడు చెయ్యగలిగింది లేదు. ఈమెకు ఒక కాగితం రాయగలను.

రాశాను. హోదా దగ్గర హెల్పర్ అనే రాశాను, అబద్ధం రాయలేదు. కానీ చేసిన పని అన్నచోట, శాంపిళ్ళ సేకరణ, ద్రావణాల తయారీ, బలం నిర్ధారణ, రాతిపొడి రసాయన పరీక్ష అని వివరంగా రాశాను. చేరిన తేదీ నుంచి ఆమె ల్యాబులో ఏం చూసిందో, ఏం చేసిందో ఇన్‌చార్జిని అడిగి ఒక్కొక్కటీ చేర్చాను. కింద ఆయనా నేనూ సంతకం చేశాం. సంతకం చేసేముందు ఆయన, "మీకు మెమో వస్తది సార్" అన్నాడు. "మీకు?" అన్నాను. "నాకు పాతవి చాలా ఉన్నాయి, దాన్లో కలుస్తది" అన్నాడు.

మెమో వచ్చింది. కాంట్రాక్టు మనిషికి కంపెనీ కాగితం ఎలా ఇచ్చావని. జరిగిన పనికి సాక్ష్యం రాశానని జవాబిచ్చాను. ఆ ఏడు నా ఇంక్రిమెంటు ఆగింది. ఇంట్లో చెప్తే మా ఆవిడ, "గా పిల్లను తిప్పి పంపిన నాడు ఇంట్ల ఎందుకు చెప్పలే?" అని మాత్రం అడిగింది.

ఆ కాగితం ఎనిమిది నెలలు ఏ పనికీ రాలేదు. మూడుచోట్ల చూసి పక్కన పెట్టారట. నాలుగోచోట, వికారాబాద్‌లోనే నీళ్ళు పరీక్ష చేసే ఒక చిన్న ల్యాబులో, అది చదివిన పెద్దాయన "బలం నిర్ధారణ ఎట్ల చేస్తవ్?" అని ఒకే ప్రశ్న అడిగాడట. అరగంట చెప్పి వచ్చిందట. తీసుకున్నారు. జీతం మా హెల్పరు కూలికన్నా మరీ ఎక్కువేం కాదు. రోజూ తాండూరు నుంచి రైలు. ఆ మాట మీకు దాచను. ఎమ్మెస్సీకి తగిన జీతమా అంటే కాదు. ఎమ్మెస్సీకి తగిన పనా అంటే అవును. రెండూ ఒకేసారి దొరికినవాళ్ళను నా సర్వీసులో నేను తక్కువమందినే చూశాను. మీకు దొరకాలని కోరుకుంటాను.

సివిల్ అబ్బాయి మరో ఏడాదికి మానేసి రోడ్ల పనిలో చేరాడు. మా దగ్గరికన్నా తక్కువ జీతం, ఎండలో పని. కలిసినప్పుడు ఒక కల్వర్టు ఫోటో చూపించాడు, సొంత కొడుకు ఫోటో చూపించినట్టు.

ఫ్యాక్టరీలో రూలు మారలేదు. మార్చమని రెండుసార్లు రాశాను. ఆ తర్వాత నేనున్న చివరి రోజువరకు ఎర్ర సిరా మాత్రం వాడలేదు. వచ్చినవాళ్ళను, ఎందుకు కావాలమ్మా ఈ పని అని అడిగేవాణ్ణి. అడిగితే చెప్తారు. అడగకుండా ముప్పై ఏళ్ళు గడిపాను.

కిందటేడు మా కాలనీ బోరు నీళ్ళు ఉప్పగా వస్తున్నాయని అందరూ గోల పెడితే, పరీక్ష చేయించే పని రిటైరైనవాణ్ణని నా నెత్తిన పెట్టారు. ఇంట్లో ఉన్న ఒక ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పట్టుకుని ఆ ల్యాబుకు వెళ్ళాను. ఆమె తెల్లకోటులో ఉంది. నన్ను చూసి లేచింది, కుర్చీ వేసింది, పాప రెండో తరగతికి వచ్చిందని, వాళ్ళాయన చెయ్యి కొంత తిరుగుతోందని చెప్పింది. తర్వాత సీసా వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. మూత తీసి వాసన చూసింది.

"గిందుల ఇంతకుముందు ఏం పోసిన్రు సార్?"

"కూల్‌డ్రింక్ సీసా అది. కడిగిన."

"సరిగ కడగలేదు. గీ శాంపిల్ నేను తీసుకోను సార్."

నేను ఏదో అనబోయాను. కాలనీ వాళ్ళంతా ఎదురుచూస్తున్నారని, ఎండలో నడిచి వచ్చానని. ఆమె అప్పటికే లోపలికి వెళ్ళి శుభ్రమైన సీసా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "బోరు ఐదు నిమిషాలు ఇడిసిపెట్టి, అవే నీళ్ళతోని మూడుసార్లు కడిగి, నిండుగ పట్టుకరాండ్రి. తప్పు శాంపిల్ మీద నేను సంతకం పెట్టను."

పెట్టొద్దమ్మా అన్నాను. మర్నాడు పొద్దున ఆమె చెప్పినట్టే పట్టుకుని మళ్ళీ వెళ్ళాను.